ముందు గడి

ఈ సభలో కూర్చున్న అందరినీ ఒక ప్రశ్న అడుగుతాను. తల పక్కకు తిప్పుకోకుండా జవాబు చెప్పండి. మీ ఇంట్లో పోయిన మనిషి పేరును మీ చేత్తో చివరిసారి ఎప్పుడు రాశారు? రేషన్ కార్డులోంచి పేరు తీసెయ్యమని పెట్టిన అర్జీ లెక్కలోకి రాదు. బ్యాంకులో నింపిన ఫారం రాదు. పెద్దకర్మ కార్డు మీద ప్రెస్సువాళ్ళు వేసింది అసలే రాదు. ఎవరూ అడక్కుండా, ఏ ఆఫీసుకూ అవసరం లేకుండా, ఆ పేరు రాసి, పక్కన ఆ మనిషి చేసిన ఒక్క పనైనా రాశారా? రాయలేదని నాకు తెలుసు. హేమావతి సంగతి వినేదాకా నేనూ రాయలేదు. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను. చివర్లో నీతి ఉండదు. అందులో గురువే చెప్పలేదు, నేను చెప్పడానికెంతదాన్ని?

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే మునిరాజమ్మను చిన్నా పెద్దా అందరూ అవ్వ అనే పిలుస్తారు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. "రంగు ఎందుకు పట్టలేదవ్వా?" అంటే గుడ్డ వాసన చూడమంటుంది. "ఈ పని ఎన్నేళ్ళకు వస్తాదవ్వా?" అంటే "ఎన్నింటికి లేస్తావు నువ్వు?" అంటుంది. వాదనకు దిగుదామని వెళ్ళిన నాలాంటివాళ్ళు ఆమె ముందు చేతులు నల్లగా చేసుకుని తిరిగి వస్తారు, అంతే. ఆమె పని గురించి రెండు మాటలు తెలిస్తే చాలు. వెదురు పుల్లకు మొన చెక్కి, దాని నడుముకు గుడ్డపీలిక చుట్టి, ఆ చుట్టను కసిమిలో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీస్తారు. కసిమి అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో వారాల తరబడి పులిస్తే దిగే రసం. గుడ్డను ముందుగానే కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఎండబెట్టి ఉంచుతారు. ఆ గుడ్డ మీద కసిమి పడిందంటే నల్లబడుతుంది. నల్లబడిందంటే ఇక చెరగదు. రబ్బరు లేని విద్య అది. అట్లా గడులు గడులుగా బొమ్మలు గీసి, ప్రతి గడి కిందా ఒక వరుస రాత రాస్తే దాన్ని పటం అంటారు.

ఆ ఇంటికి ఒక ఆషాఢంలో, పొద్దున తొమ్మిదింటికి, హేమావతి వచ్చింది. పుత్తూరు రూటులో బస్సు కండక్టరు. కూర్చోమంటే కూర్చోలేదు. పదేళ్ళుగా కదిలే బస్సులో నిలబడి బతికిన మనిషి. గోడకు ఒక భుజం ఆనించి, ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ అడిగింది:

"అవ్వా, నిజం చెప్పు. బొమ్మలు గీస్తే, రాస్తే, మనసు కుదురుకుంటాదని డాక్టరమ్మ చెప్పింది. గీస్తే బాధ పోతాదా? పోతాదంటే కూర్చుంటా. పోదంటే పదిన్నర బస్సుకు పోతా."

"పదిన్నరకు శానా టైముండాది," అంది అవ్వ. "ఆ కరక్కాయలు దంచు."

పొయ్యి దగ్గర రంగు కాచే సుబ్బరత్న కిసుక్కున నవ్వింది. "జలుబొచ్చినా అదే మందు, పెళ్ళి కుదరకపోయినా అదే మందు. దంచు పాపా, దంచు."

దంచుతూ హేమావతి చెప్పింది. మాఘంలో ఒక మధ్యాహ్నం ఆమె డ్యూటీకి పోతూ అన్నం క్యారియర్ ఇంట్లో మరిచిపోయింది. బస్టాండు నుంచి తమ్ముడు యుగంధర్‌కు ఫోన్ చేసి తెచ్చిమ్మంది. వాడు బండి మీద బయల్దేరాడు. ఊరి మలుపులో రోడ్డు మీద ఇసుక పడి ఉంది, బండి జారింది. విషయం తెలిసి ఆమె చేరేసరికి వాణ్ణి అప్పటికే ఎత్తేశారు. క్యారియర్ మూత ఊడి, రాగి సంగటి ముద్ద తారు మీద దొర్లి, దుమ్ము పట్టి ఉంది. ఆమె చూసింది ఆ ముద్దను. ఆ రోజు నుంచి కళ్ళు మూస్తే అదే.

"వాడు పుట్టినప్పుడు నాకు పన్నెండేళ్ళు అవ్వా. మా నాయన అప్పటికే లేడు. చంకనేసుకుని తిప్పినా. ఇరవై నాలుగేళ్ళు పెంచినా. ఇప్పుడు తలుచుకుంటే వాడు రాడు. ఆ సంగటి ముద్ద వస్తాది. వాడి మొగం గుర్తు రాలేదవ్వా నాకు. మొగమే."

"ఫోటో లేదా ఇంట్లో?" అని సుబ్బరత్న అడిగింది.

"ఉండాది. స్టూడియోలో పౌడరు కొట్టి కూర్చోబెట్టిన మొగం. అది వాడిది కాదు. అది కూడా మా అమ్మ బీరువాలో పెట్టేసింది. వాడి పేరు ఎత్తితే అన్నం ముట్టనంటాది."

అడగడానికి వచ్చింది ఇదే. ఒక్క మధ్యాహ్నం మింగేసిన ఇరవై నాలుగేళ్ళను కక్కించాలి. కుదరదంటే ఆ మధ్యాహ్నాన్నే చెరిపెయ్యాలి. రెంటిలో ఏదో ఒకటి, అదీ త్వరగా. పదిన్నర బస్సు పోయింది. పదకొండున్నర బస్సూ పోయింది. అవ్వ మాత్రం దంచిన పొడిని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసి, "ఇంకా గరుకుండాది," అంది.

కొత్తగా చేరినవాళ్ళు ఆ ఇంట్లో నెలల తరబడి తీగలూ ఆకులూ గీస్తారు. హేమావతికి మూడో రోజే అవ్వ ఒక గుడ్డ పరిచి ఇచ్చింది. "నువ్వు తీగలు గీసేదానికి రాలేదు. ఏది గీయాలని వచ్చినావో అదే గీయి." హేమావతి మోకాళ్ళ మీద లేచి, సగం నిలబడినట్టుండి గీసింది. అందం ఎవరడిగారు? కసిమి అక్కడక్కడా బొట్లు బొట్లుగా కారింది. గుడ్డంతా ఒకటే బొమ్మ: రోడ్డు, పడిపోయిన బండి, మూత లేని క్యారియర్, బండి చక్రమంత సంగటి ముద్ద. ఒక మూల మనిషి పడి ఉన్నాడు. చొక్కా గుండీలు కూడా గీసింది. ముఖం ఉండాల్సిన చోట గుడ్డను ఖాళీగా వదిలేసింది. రెండు గంటల్లో ముగించి, కింద రాసింది: "మా తమ్ముడు యుగంధర్ చనిపోయెను. కారణం నేను."

అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూసింది. బొమ్మ గురించి ఒక్క మాటా అనలేదు. "రాత తప్పు," అంది.

"ఏం తప్పు?" హేమావతికి ఒళ్ళు మండింది. "టెన్తులో నాకు తెలుగులో ఎనభై రెండు. ఒత్తు తప్పా, దీర్ఘం తప్పా?"

"అక్షరం తప్పని నేనన్నానా?"

"మరి? జరిగిందే కదా రాసినా!"

అవ్వ లేచి, ట్రంకు పెట్టె తెరిచి, మడతల దగ్గర చిరిగిన పాత పటం ఒకటి తీసి నేల మీద పరిచింది. ఆమె తాత గీసింది. ఒక రాజు వేట కథ. అవ్వ వెదురు కట్టె పట్టుకుని, పటం చూపించి కథ చెప్పేవాళ్ళ పద్ధతిలో, ఒక్కో గడి మీద మొన ఆనించింది. హేమావతి కింది రాతలు చదివింది: రాజు వేటకు పోయేది. రాణి గడప దాకా వచ్చేది. జింక నీళ్ళు తాగేది. బాణం తగిలేది. జింకపిల్ల వెదికేది. రాజు విల్లు పారేసేది.

"చదివినావు కదా. యాడన్నా 'పోయెను' ఉందా?"

హేమావతి వెనక్కీ ముందుకీ చూసింది. లేదు. అన్నీ పోయేది, వచ్చేది, తాగేది.

"పటంలో 'ఎను' పనికిరాదు పాపా. కట్టె ఆనించినప్పుడల్లా రాజు పోవల్ల. పోయెను అంటే ఎట్ల పోతాడు మళ్ళా? ఇంగోటి. 'కారణం' అని రాసినావు. పటంలో కారణం రాయరు. ఎవరు ఏం చేసేదో అది రాస్తారు. ఎందుకు చేసినారో చూసేవాళ్ళు చూసుకుంటారు."

 హేమావతి చింత బొగ్గు తీసుకుని నేల మీద రాసి చూసింది: యుగంధర్ బండి మీద నుంచి పడేది. రాసిన మరుక్షణం బొగ్గు విసిరికొట్టింది.

"అంటే? ఎవరో కట్టె పెట్టినప్పుడల్లా వాడు పడాలా? దినామూ పడాలా? ఇప్పుడు పడతా ఉండేది చాలదా? ఇదేనా నీ వైద్యం?" గుడ్డ ఇంకా సరిగ్గా ఆరనేలేదు, దాన్ని అట్లాగే చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. "నువ్వు మంచిదానివే అవ్వా. కానీ నా ఇంట్లో మనిషి పోయినాడు. నువ్వు నాకు వ్యాకరణం చెప్తా ఉండావు."

నిజం చెబుతున్నాను, ఆ చోట నేనున్నా అదే మాట అనేదాన్ని, ఇంకా గట్టిగా. అవ్వ ఆపలేదు. వాకిలి దాకా కూడా రాలేదు. సుబ్బరత్న మాత్రం పొయ్యి దగ్గర నుంచి అరిచింది: "ఓ పాపా, ఆ గుడ్డను తొట్లో తడపొద్దు, ఏట్లో తప్ప..." హేమావతి అప్పటికే వీధి మలుపు దాటేసింది. ఏట్లో నీళ్ళు లేవనేది వేరే సంగతి. ఆషాఢంలో స్వర్ణముఖిలో ఇసుక తప్ప ఏముంటుంది?

ఇంటికి పోయి ఆమె చేసిన పని ఇది. పెరట్లో సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పట్టి, ఆ గుడ్డను అందులో ముంచి, సబ్బు పెట్టి రుద్దింది. రోడ్డును రుద్దింది. బండిని రుద్దింది. సంగటి ముద్దను మోచేతులు నొప్పి పుట్టేదాకా రుద్దింది. చెరగదని ఆమెకు చెప్పారు, ఆమె వినే ఉంది. కానీ వినడం ఒకటి, రుద్దకుండా ఉండగలగడం ఇంకొకటి. వాళ్ళమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. అదేమిటని అడగలేదు, అడిగితే ఆ పేరు వస్తుంది. తొట్టిలో నీళ్ళు నల్లబడ్డాయి. గుడ్డ అందులోనే మునిగి ఉండిపోయింది, మర్నాటి దాకా.

రెండు రోజుల తర్వాత హేమావతి మళ్ళీ వచ్చి ఆ గుడ్డను అవ్వ ముందు పడేసింది. చెప్పులు కూడా విడవలేదు. అవ్వ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"తొట్లో నానేసినావా?"

"నానేసినా. సబ్బు కూడా పెట్టినా."

"నల్లది పోయిందా?"

"పోలేదు."

"మరేం పోయింది?"

హేమావతి అప్పుడు నిదానంగా చూసింది. రోడ్డు ఉంది, బండి ఉంది, ముద్ద ఉంది. గీత గీతా మొదటికంటే గట్టిగా ఉంది. గీతల్లో మిగిలి ఉన్న కసిమి నీళ్ళలోకి దిగి, పోయే దారి లేక, తిరిగి గుడ్డకే పట్టింది. గీయని చోటంతా బూడిద రంగు. ముఖం కోసం వదిలిన ఖాళీ కూడా బూడిద.

"తెల్లది," అంది హేమావతి.

"నిలవ నీళ్ళు అంతే," అంది అవ్వ. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు. సూదీ దారమూ తెమ్మంది. కరక్కాయ పెట్టి ఆరేసిన కొత్త గుడ్డను తెచ్చి, ఆ బూడిద గుడ్డకు ఎడమ పక్కన తన చేత్తోనే అతికి కుట్టింది. కుట్టు పూర్తయ్యేదాకా హేమావతి గుమ్మం దగ్గరే అటూ ఇటూ నడుస్తూ ఉంది. అవ్వ దారం పళ్ళతో కొరికి, కొత్త గుడ్డ మీద చెయ్యి వేసి అడిగింది:

"ముందు గడి ఏది?"

"ఏం ముందు గడి?"

"బాణం తగిలేదానికి ముందు జింక నీళ్ళు తాగతా ఉండింది. నీ తమ్ముడు పడేదానికి ముందు ఏం చేస్తా ఉండినాడు?"

"బండి మీద వస్తా ఉండినాడు."

"దాని ముందు?"

"ఫోన్ ఎత్తినాడు."

"ఎత్తి ఏమన్నాడు?"

"ఏమంటాడు, సరే అన్నాడు." హేమావతి నడక ఆగింది. "కాదు. సరే అనలేదు." ఆమె గొంతు మారింది. "వాడెప్పుడూ హలో అనడు అవ్వా. నేను ఫోన్ చేస్తే 'ఎవరమ్మా అది, టికెట్ టికెట్, చిల్లర ఉండాదా, ముందుకు జరగండమ్మా ముందుకు' అంటాడు. నా మాదిరే ముక్కుతో. ఆ రోజు కూడా అన్నాడు. నాకు కోపమొచ్చి, నోర్ముయ్, ఆకలేస్తా ఉండాది, క్యారియర్ తే అన్నా. 'రైట్ రైట్' అని పెట్టేసినాడు."

సుబ్బరత్న రంగు కలిపే గరిటె పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. హేమావతి నవ్వుతోంది. నవ్వుతూనే చేత్తో నోరు మూసుకుంది, తప్పు చేసినట్టు.

"రాయి," అంది అవ్వ.

ఆమె చెప్పులు విడిచి వచ్చి రాసింది: యుగంధర్ ఫోనులో అక్కను వెక్కిరించేది. దాని ముందు గడి దగ్గర కలం ఆగిపోయింది. అది ఏ గడో ఆమెకు తెలుసు. "అక్క వల్ల" అని మొదలుపెట్టి తలెత్తింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. "పటంలో 'వల్ల' ఉండదు." ఆ రెండక్షరాలనూ ఏం చెయ్యాలి? చెరపడం కుదరదు. "అక్క" పక్కనున్న "వల్ల" మీద ఒక ఆకు గీసి కప్పేసింది. తర్వాత రాసింది: అక్క క్యారియర్ మరిచేది. రాసి, దాన్ని చాలాసేపు చూసింది. ఐదు నెలలుగా ఆమె తనను తాను ఏమేమో అంటోంది. ఆ మాటలేవీ అక్కడ లేవు. ఒక మనిషి క్యారియర్ మరిచిపోవడం ఉంది. ఆ ఇంటికి వచ్చింది మొదలు హేమావతి నేల మీద పూర్తిగా చతికిలబడి కూర్చున్నది అప్పుడేనని సుబ్బరత్న తర్వాత నాతో చెప్పింది.

ఇక్కడితో అంతా చల్లబడిందని అనుకోకండి. శ్రావణమూ భాద్రపదమూ ఆమె డ్యూటీ లేని ప్రతి రోజూ వచ్చి గీసింది. ఒక్క రోజైనా ప్రశాంతంగా గీయలేదు. ఒకరోజు, తనను చూడ్డానికి వచ్చిన పెళ్ళికొడుకు చెవిలో తమ్ముడు "మా అక్క గురక పెడతాది, ఆలోచించుకో అన్నా" అని చెప్పిన గడి వచ్చింది. ఆ సంబంధం తప్పిపోయింది. గీస్తూ గీస్తూ కలం పక్కన పెట్టి తిట్టింది: "ఎదవ. సచ్చినోడా. ఆరు నెలలు మాట్లాడలే నేను వాడితో. చెప్పు తీసుకుని కొట్టాల్సింది." పోయినవాణ్ణి తిట్టినందుకు ఎవరైనా ఏమన్నా అంటారేమోనని చుట్టూ చూసింది. అవ్వ ఆ గడి మీదికి వంగి, "నువ్వు కొట్టేదానికి చెప్పు ఎత్తేది గీయి, బాగుంటాది," అంది. హేమావతి గీసింది. చెప్పు చాలా బాగా వచ్చింది.

ముఖం మాత్రం రాలేదు. ఏ గడిలోనూ రాలేదు. యుగంధర్ అన్ని గడుల్లోనూ వెనక్కి తిరిగి ఉన్నాడు, లేదంటే హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు, లేదంటే తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. ముందు గడికి, ఇంకా ముందు గడికి పోతూ, ఒకరోజు ఆమె ఆరేళ్ళ పిల్లవాడి దగ్గరికి చేరింది. పాలపన్ను ఊడితే దాన్ని పేడలో చుట్టి ఇంటి పెంకుల మీదికి విసరాలి, అప్పుడే కొత్త పన్ను వస్తుంది, ఆ గడి. పన్ను విసిరేవాడు పైకి చూస్తాడు కదా. పైకి చూసేవాడికి వెనక్కి తిరగడం ఎట్లా కుదురుతుంది? ముఖం గీయక తప్పలేదు. మొదట నోరు గీసింది, ఆ పన్ను లేని సందు గీసింది. సందు చుట్టూ నవ్వు వచ్చింది. నవ్వుకు రెండు పక్కలా బుగ్గలు వచ్చాయి. బుగ్గ లేస్తే ఎడమ కన్ను చిన్నదయ్యేది వాడికి, అదీ వచ్చింది. హేమావతి కలం కింద పెట్టలేదు. నెల రోజుల ముందు అతికిన కుట్టు దాటి, నేరుగా బూడిద గుడ్డ మీదికి వెళ్ళి, రోడ్డు మీద పడి ఉన్న మనిషికి అదే ముఖాన్ని, ఇరవై నాలుగేళ్ళ ముఖాన్ని గీసింది. బూడిద మీద కూడా నలుపు కనిపిస్తుంది. ఎడమ కన్ను చిన్నదిగానే వచ్చింది.

కార్తీకంలో వానలు పడి స్వర్ణముఖికి నీళ్ళు వచ్చాయి. అవ్వ గట్టు మీద కూర్చుంది. హేమావతి ఒక కొసా సుబ్బరత్న ఒక కొసా పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో పటాన్ని పారే దిక్కుకు వదిలారు. మిగులు కసిమి పొగలాగా విడిపోయి కిందికి పోయింది. గీతలు నిలిచాయి, కొత్త గుడ్డ తేట పడింది, పాత గుడ్డ బూడిదగానే ఉండిపోయింది.

"ఇంక పోతాదా అవ్వా?" అని నీళ్ళలోంచి హేమావతి అరిచింది.

"ఏది?" అంది అవ్వ.

  హేమావతి కొస జారిపోకుండా గట్టిగా పట్టుకుంది.

మాఘంలో సంవత్సరీకం నాడు ఆమె ఆ పటాన్ని ఇంటి నడవలో కట్టింది. వాళ్ళమ్మతో ఒక్క మాటా చెప్పలేదు. పేరు ఎత్తొద్దన్నారు, ఎత్తలేదు, రాసి కట్టింది. వాళ్ళమ్మ చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. గిన్నెలు చప్పుడయ్యాయి. చదువు రాని మనిషి. రాత చదవలేదు, బొమ్మలు చదివింది. మూడోసారి వచ్చినప్పుడు చీపురు పుల్ల ఒకటి పట్టుకొచ్చి, పాలపన్ను గడి మీద దాని మొన ఆనించి, కూతురి మీద గయ్యిమంది.

ఆ మర్నాడు ఇద్దరూ కలిసి అవ్వ ఇంటికి వచ్చారు. తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. కూతురికి ఆ నిలబడడం ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ అర్థమైంది.

"అమ్మా, నువ్వు పెద్దదానివి. ఈ పిల్ల తప్పు గీస్తే ఎట్ల ఒప్పుకున్నావు? పన్ను వాడు విసరలే. ఇయ్యనంటే ఇయ్యనని పిడికిట్లో పెట్టుకుని పండుకున్నాడు నా కొడుకు. తెల్లారి నేను వేలు వేలు విప్పి తీసి విసిరినా. ఇదెక్కడుండింది అప్పుడు? ఇది నిద్రపోతా ఉండింది. నేను, నేను విసిరినా యుగంధర్ పన్ను."

పేరు వచ్చేసింది. వచ్చిందని ఆమె గమనించలేదు.  హేమావతి మాత్రం గోడ వైపు తిరిగి నిలబడింది.

"తప్పే," అంది అవ్వ. "చెరపడానికి లేదు. పక్కన గుడ్డ అతకాల్సిందే. 'అమ్మ తప్పు పట్టేది' ఒకటి. 'అమ్మ పన్ను విసిరేది' ఒకటి." తర్వాత తల్లి వైపు చూసి, చేతిలోని సూదిని నేల మీద పెట్టి, అడిగింది: "దీనికి తెలిసింది చంకనెత్తుకున్నప్పటి నుంచే. నీ లెక్కలో ముందు గడి ఏది?"

 ఆవిడ కొంగు నడుముకు దోపుకున్న చెయ్యి అక్కడే, పొట్ట మీదే, ఉండిపోయింది.

"తన్నేది," అంది చివరికి. "కడుపులో. కుడి పక్క."

హేమావతి వెనక్కి తిరిగింది. తల్లి ఆమె వైపు చూడకుండా, కొంచెం సిగ్గుగా, "నాకు రాసేది రాదు కదమ్మా," అంది అవ్వతో.

"చెయ్యి ఉండాది కదా," అంది అవ్వ. "ఆ కరక్కాయలు దంచు."

నేను చెప్పాల్సింది అయిపోయింది. చప్పట్లు వద్దు. ఇంటికి పోయాక చూద్దామని కూడా అనుకోవద్దు. ఇంటికి పోయాక గిన్నెల చప్పుళ్ళుంటాయి. మీ సంచిలో పెన్నుంది, చేతిలో ఈ సభ కరపత్రం ఉంది, దాని వెనక వైపు ఖాళీగా ఉంది. తిప్పండి. ఆ పేరు రాయండి. పక్కన ఆ మనిషి చేసేది ఒక్కటి రాయండి. పోయేది మాత్రం ఇప్పుడే రాయొద్దు. దాని చోటు దానికి ఉంది.

ముందు గడి ఏది?